రెబెకాను చూడ్డానికి వీసా ఎందుకు?

నిన్న రాత్రి అందరి భోజనాలూ అయ్యాక ఫోన్ పట్టుకుని కూర్చున్నావు కదూ? నీతోపాటు ఎమ్మే చదివిన అమ్మాయి ఇప్పుడు బొలోన్యాలో చదువుతోంది. శని ఆదివారాలొస్తే చాలు, ఫ్లోరెన్స్ అంటుంది, వెనిస్ అంటుంది, రోమ్ అంటుంది. ఒక ఫొటోలో పీసా గోపురం పడిపోకుండా అరచేత్తో ఆపుతోంది. ఇంకో ఫొటోలో ఐస్‌క్రీమ్ పట్టుకుని ఏదో ఫౌంటెన్ ముందు నవ్వుతోంది. నువ్వు లైక్ కొట్టి, ‘సూపర్‌రా’ అని రాసి, ఫోన్ బోర్లా పడేసి గిన్నెలు తోమడానికి లేచావు. ఆ గిన్నెలు రోజూ కంటే కాస్త గట్టిగానే చప్పుడు చేసుంటాయి.

కుళ్ళుకున్నానేమో అని నిన్ను నువ్వు తిట్టుకోకు తల్లీ. అలా అనిపించని వాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పు? కాకపోతే కాస్త నిదానంగా ఆలోచిద్దాం. మనకి నిజంగా ఆ వంగిన గోపురమే కావాలా? లేక పొద్దున బయల్దేరితే సాయంత్రం దాకా ‘ఎక్కడున్నావ్, ఎప్పుడొస్తావ్’ అని ఎవరూ అడగని ఒక రోజు కావాలా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. మొదటిదానికి వీసా కావాలి, బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి, లక్షల్లో డబ్బు కావాలి. రెండోదానికి ఆధార్ కార్డు చాలు. 2023 డిసెంబరు నుంచి మన తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేవుగా, ఆ కార్డు చూపిస్తే జీరో టికెట్ చేతిలో పెడతారు.

‘అంటే ఇటలీ సంగతి మర్చిపొమ్మంటావా అక్కా?’ అని మూతి ముడవకు. ఇటలీ నుంచి వచ్చిన ఒక పెళ్ళికూతురు దాదాపు 150 ఏళ్ళుగా మన మూసీ ఒడ్డునే ఉంది. తార్నాక నుంచి గంటలో వెళ్ళిపోవచ్చు. ముందు ఆ అమ్మాయిని పలకరించి వద్దాం. ఇటలీ ఎక్కడికీ పోదు.

మొదలు మాత్రం ఇంటి దగ్గరే పెడదాం. పొద్దున ఆరున్నరకల్లా బూట్లు వేసుకుని ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచెయ్యి. తార్నాక వాళ్ళకి ఓయూ ఆర్ట్స్ కాలేజీ అంటే ఏమిటి? వాకింగ్‌లో వెనక్కి తిరిగే చోటు. లేదా ‘ఇవాళ ధర్నా ఉందట, అటు వెళ్ళకు’ అనుకునే చోటు. అంతేగా? ఒక్కసారైనా దాని ఎదురుగా నిలబడి, మెడ నొప్పెట్టేదాకా పైకి చూశామా? ఇవాళ చూద్దాం. గులాబీ రంగు గ్రానైట్. పొద్దుటెండ పడుతుంటే ఆ రంగు నిమిషనిమిషానికీ మారుతుంది. మధ్యలో అంతెత్తు తోరణం. ఆ తోరణం నవాబుల కట్టడాల తీరు, స్తంభాల దగ్గరికొస్తే అజంతా, ఎల్లోరా గుర్తొస్తాయి. 1934లో పునాది వేస్తే 1939 డిసెంబరు 4న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతుల మీదుగా తెరుచుకుంది. నక్షా గీసినాయన ఎర్నెస్ట్ జాస్పర్, బెల్జియం మనిషి, అప్పటికే కైరోలో పెద్ద పేరున్నవాడు.

అసలు నాకు ముచ్చటేసే సంగతి ఇంకోటుంది. కాలేజీ కట్టే ముందు మన హైదరాబాద్ వాళ్ళు నవాబ్ జైన్ యార్ జంగ్‌నీ, సయ్యద్ అలీ రజానీ దేశదేశాలు తిరిగి విశ్వవిద్యాలయాలు ఎలా ఉంటాయో చూసి రమ్మని పంపించారు. తిరిగి చూసి రావడమే పని! అలాంటి ఉద్యోగం మనకెందుకు రాలేదే?

ఇదే భవనం ఫ్లోరెన్స్‌లో ఉంటే ముందే టికెట్ కొనుక్కుని, గంటసేపు క్యూలో నిలబడి, చెవిలో గైడ్ మాటలు పెట్టుకుని చూసేవాళ్ళం. ఇక్కడ స్కూటీ ఆపకుండా వెళ్ళిపోతాం. ఊరికే దొరికేదాన్ని చూడ్డానికి మనకి తీరిక ఉండదు, అదేం ఖర్మో.

క్యాంపస్‌లో ఉన్నప్పుడే ఇంకో ఆడమనిషిని తలుచుకుందాం. ఈ చుట్టుపక్కల నేలలో కొంత ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరు. 1768లో పుట్టి 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి ఆవిడ. నిజాం దర్బారులో పాడింది, ఆడింది, సలహాలిచ్చింది, భూములు సంపాదించింది. ఇఫ్లూ, అంటే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఆవిడ నాటి మెట్లబావి ఉంది. లోపలికి రానిస్తారో లేదో గేటు దగ్గర మర్యాదగా అడుగు. రానివ్వకపోతే గొడవ పెట్టుకోకు, మనకి ఇవాళ ఇంకా చాలా పనుంది.

పీహెచ్‌డీ చేస్తూ హాస్టల్లో ఉండి ఇది చదువుతున్న పిల్లలూ, మీకో మాట. ‘ఏళ్ళు గడిచిపోతున్నాయి, గైడ్ ఫోన్ ఎత్తరు, మా బ్యాచ్ వాళ్ళంతా సెటిలైపోయారు’ అని బెంగ కదూ? ఫ్లోరెన్స్‌లో డేవిడ్ విగ్రహం ముందు ఫొటో దిగని వాళ్ళుండరు. ఆ రాయి కథ తెలుసా? 1464లో ఒక శిల్పి మొదలుపెట్టి వదిలేశాడు. తర్వాత ఇంకొకడికి అప్పజెప్పారు, అదీ సాగలేదు. సగం చెక్కిన ఆ పాలరాయి చర్చి పనుల ఆవరణలో ఎండకీ వానకీ దశాబ్దాల తరబడి పడుంది. పనికిరాదనుకున్నారు. 1501లో 26 ఏళ్ళ మైకెలాంజెలో పని అందుకుని 1504కల్లా నిలబెట్టాడు. ఇవాళ ఆ 17 అడుగుల కుర్రాడి కోసం ప్రపంచమంతా వరసలో నిలబడుతోంది. నీ మూడో చాప్టర్ కూడా అలాగే పడుందనుకో, ఏమైంది ఇప్పుడు? ఇవాళ్టికి దాన్ని పడుండనిచ్చి మాతో రా.

ఇంటికొచ్చి స్నానం చేసి, ఇడ్లీయో ఉప్మానో కడుపు నిండా తిని బయల్దేరదాం. ఇక్కడే కదా మన అసలు చిక్కు? ‘ఇంట్లో ఏమంటారో. పిల్లలకి మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారు? అత్తయ్యగారి మందులో?’ అన్నీ నాకు తెలుసు. ముందురోజు రాత్రే చెప్పెయ్యి. ‘వెళ్ళనా?’ అని అడగకు, ‘రేపు వెళ్తున్నా’ అను. గొంతులో బతిమాలడం వద్దు, విసురూ వద్దు, పాలవాడికి రేపు రావద్దని చెప్పినంత మామూలుగా చెప్పు. పప్పొకటి, వేపుడొకటి చేసిపెడితే కుక్కర్లో అన్నం వాళ్ళు పెట్టుకోలేరా? మందులు డబ్బాలో వేసి టీవీ పక్కన పెట్టు. ఇంట్లో వాళ్ళు కాదంటారని మనమే అనుకుంటాం కానీ, చాలా ఇళ్ళల్లో ‘వెళ్ళిరా, నీకూ కాస్త మార్పు’ అనే అంటారు. మనం నోరు తెరిచి చెప్పాలి, అంతే.

కోఠీ బస్సు దొరికితే ఎక్కెయ్యి. మెట్రో అయితే తార్నాకలో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారి, సుల్తాన్ బజార్‌లో దిగాలి. అక్కడినుంచి మహిళా కాలేజీ దగ్గరే. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం అయింది కానీ, మన నోటికి ఇంకా కోఠీ విమెన్స్ కాలేజీయే. లోపల ఉన్న పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని చూడాలి మనం. చదువుకునే పిల్లలుండే చోటు కాబట్టి బయటివాళ్ళని ఎప్పుడు రానిస్తారో ముందే కనుక్కో.

మెట్లు, మెట్లకి అటూ ఇటూ సింహాలు, పైన వరసగా లావుపాటి స్తంభాలు, వాటి నెత్తిన ముక్కోణం. ఎక్కడో చూసినట్టుంది కదూ? అమెరికా వాళ్ళ వైట్‌హౌస్ కూడా ఈ కుటుంబం పిల్లే. ఈ తరహాకి మూలపురుషుడు ఇటలీ మనిషి ఆండ్రియా పలాడియో. పదహారో శతాబ్దంలో విచెంజా ఊరి చుట్టుపక్కల కలిగినవాళ్ళకి ఇళ్ళు కట్టాడు. పాత రోమన్ గుళ్ళ ముంగిలి తెచ్చి మామూలు ఇంటికి తగిలించాడు. 1570లో ఆ పద్ధతులన్నీ పుస్తకంగా అచ్చేశాడు. ఆ పుస్తకం ఇంగ్లండు చేరింది, ఇంగ్లండు వాళ్ళతో ఆ రుచి కోఠీ చేరింది. 1803లో పని మొదలైంది, శామ్యూల్ రస్సెల్ అనే సైనిక ఇంజినీరు కట్టాడు. కట్టించింది నిజాం దర్బారులో బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధి, అంటే రెసిడెంటు, జేమ్స్ కిర్క్‌పాట్రిక్.

కిర్క్‌పాట్రిక్ పెళ్ళాడిన ఖైరున్నీసా సంగతి నీకు చెప్పకపోతే నాకు తోచదు. హైదరాబాదీ కులీన కుటుంబం పిల్ల, ఘోషాలో ఉండేది. మొగుడు అంత భవనం కట్టిస్తుంటే ముందువైపుకి వచ్చి చూసే వీల్లేదు. అందుకని ఆయన భవనానికి చిన్న నమూనా చేయించి ఆమె ఉండే వైపు తోటలో పెట్టించాడని చెబుతారు. మీ ఇల్లు ఇలా ఉంటుంది చూడు అని! ఆ బుల్లి భవనం ఇప్పటికీ ఆవరణలో ఉంది. వంగి దాని కిటికీల్లోంచి చూడు. ఇంతా చేసి 1805లో ఆయన కలకత్తాలో పోయాడు. పిల్లలిద్దరినీ అంతకుముందే ఓడెక్కించి ఇంగ్లండు పంపేశారు. ఆమె మళ్ళీ వాళ్ళని చూడలేదు. ఇంత కష్టం విన్నాక నాకు ఆ స్తంభాల ఎత్తు మీద అంత గౌరవం కలగదు, ఆ చిన్న బొమ్మ భవనం దగ్గరే కాళ్ళు ఆగిపోతాయి. 1949 నుంచి ఆ పెద్ద మెట్ల మీద కాలేజీ పిల్లలు టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. దానికి మాత్రం సంతోషం.

సరే, కళ్ళు తుడుచుకో. అక్కడినుంచి అఫ్జల్‌గంజ్ దాటి, మూసీ వంతెన దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. ఆటో అయితే ముందే బేరమాడుకో. మన అమ్మాయి ఉండేది అక్కడే.

‘నాకు బొమ్మల గురించి ఏమీ తెలీదక్కా, చూసినా ఏం అర్థమవుతుంది?’ అంటావు. ఈ భయం మనలో చాలామందికి ఉంది. మ్యూజియం అంటే పరీక్ష హాలనుకుంటాం. 40 వేలకు పైగా వస్తువులున్నాయి అందులో, అన్నీ చూడాలని పరుగెత్తితే సాయంత్రానికి కాళ్ళనొప్పులు తప్ప ఏమీ మిగలవు. స్టాండాల్ అనే ఫ్రెంచి రచయిత 1817లో ఫ్లోరెన్స్ చర్చిలో అందాలు చూసీ చూసీ గుండె దడ వచ్చి, పడిపోతానేమో అనుకున్నాడట. ఆ ఊళ్ళో అలా కళ్ళు తిరిగే వాళ్ళకి తర్వాత ఆయన పేరుతో ఒక జబ్బే పెట్టారు. మనకి ఆ జబ్బు వద్దు. మూడంటే మూడు వస్తువులు చూద్దాం, మిగతావి కంటపడితే పడతాయి.

మొదటిది రెబెకా. మేలిముసుగు రెబెకా అంటారు. చెక్కింది ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజొని. 1876లో మొదటి సాలార్‌జంగ్ యూరప్ వెళ్ళినప్పుడు రోమ్‌లో కొని తెచ్చాడు. ఇలాంటివి బెంజొని ఇంకొన్ని కూడా చేశాడు, అమెరికా మ్యూజియాల్లో ఈమె అక్కచెల్లెళ్ళున్నారు. బైబిల్ కథలో రెబెకా పుట్టింటి నుంచి ఒంటెల మీద దూరప్రయాణం చేసి వస్తూ, ఎదురుగా పొలంలో వచ్చేవాడే పెళ్ళికొడుకని తెలిసి ముసుగేసుకుంటుంది. ఆ క్షణం అది. పెళ్ళి నాడు తెర అవతల మనిషి కాళ్ళు మాత్రం కనిపిస్తుంటే మనకేం అనిపించిందో గుర్తుందా? ఇక నీకు ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు.

చుట్టూ జనం ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. పోనీ. నువ్వు ఒక పక్కగా నిలబడి ముఖం మాత్రమే చూడు. అక్కడ గుడ్డ లేదు, ఉన్నదంతా ఒక్కటే రాయి. మరి ముసుగు వెనక ముక్కూ పెదాలూ ఎలా కనిపిస్తున్నాయి? ముసుగు ముఖాన్ని తాకే చోట, అంటే కనుబొమల దగ్గర, ముక్కు మీద, రాయి నున్నగా ఉంటుంది. గుడ్డ ముఖాన్ని వదిలి జారే చోట సన్నటి మడతలు మొదలవుతాయి. ఆ నునుపుకీ ఈ మడతకీ మధ్య మిగిలింది మన కన్నే పూరించుకుంటుంది. నమ్మకం లేకపోతే ఇంటికెళ్ళాక పల్చటి చున్నీ తడిపి, పిండి, ముఖం మీద వేసుకుని అద్దంలో చూసుకో. తలుపు గడియ పెట్టుకుని చెయ్యి, పిల్లలు జడుసుకుంటారు. ఆ తర్వాత ఇంకోసారి మ్యూజియానికి వెళ్తే బెంజొని ఏం చేశాడో నీకు ఇంకా బాగా కనిపిస్తుంది.

రెండోది ముందు మగవాడు, వెనక ఆడపిల్ల ఉన్న కొయ్యబొమ్మ. ఫ్రాన్సుది. ఒకే దుంగలో ముందువైపు పొగరుగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తలవంచుకున్న మార్గరెట్టా. గెటే రాసిన ఫౌస్ట్‌లో పాత్రలు. వెనకాల అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. ఆ అద్దంలో జనం తమ జుట్టు సర్దుకుంటూ కూడా కనిపిస్తారు. నవ్వొస్తే నవ్వుకో, నువ్వూ బొట్టు సరిచేసుకో.

మూడోది యూరప్ చిత్రాల గదుల్లో. వెనిస్ ఊళ్ళోని సెయింట్ మార్క్ చౌకును కానలెట్టో గీసిన చిత్రం వెతికి పట్టుకో. నీ స్నేహితురాలు చుట్టొచ్చిన వెనిస్ అదే! ఆయన పద్దెనిమిదో శతాబ్దం మనిషి. వెనిస్ చూడ్డానికొచ్చిన ఇంగ్లండు దొరలు గుర్తుగా ఇంటికి పట్టుకెళ్ళేందుకు గీసి అమ్మేవాడు. కెమెరాలు లేని రోజుల్లో ఇన్‌స్టాగ్రామ్ ఆయనే. చూశావా, వెళ్ళొచ్చామని పక్కవాళ్ళకి చూపించుకోవాలనే సరదా నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఆ అమ్మాయి మీద ఇంకా కోపముంటే ఇక్కడ వదిలెయ్.

సంగీత గడియారం దగ్గర గంట కొట్టే చిన్న బొమ్మ కోసం అందరూ కూర్చుంటారు. పన్నెండుకైతే పన్నెండు గంటలూ వింటారని అప్పుడు జనం ఎక్కువ. కాళ్ళకి విశ్రాంతి కాబట్టి మనమూ కూర్చుందాం. బయటికొచ్చాక మదీనా వైపు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ నా తరఫున తీసుకో. పొద్దున మనం చూసిన కాలేజీని తెరిచిన నిజాం పేరే ఆ బిస్కెట్‌కీ.

ఫలక్‌నుమా ప్యాలెస్ కూడా చూడాలని ఉంటుంది. ఇటలీ పాలరాయి పరిచిన ఇల్లది, 1884లో కట్టడం మొదలైంది. కానీ ఇప్పుడు ఖరీదైన హోటలు, ముందే బుక్ చేసుకున్న వాళ్ళకే ప్రవేశం. ఆ డబ్బుతో మన ఇంట్లో నెల సరుకులొస్తాయి. ఎవరి పుట్టినరోజుకో ఎవరైనా తీసుకెళ్తే వెళ్దాం, ఇవాళ్టికి వదిలెయ్.

సంచీలో నీళ్ళ సీసా, రెండు అరటిపళ్ళు, పల్చటి చున్నీ, చిల్లర. చెప్పులు మాత్రం పాతవి, కాలికి అలవాటైనవి. ఒంటరిగా బెరుగ్గా ఉంటే ఒక్క స్నేహితురాలిని పిలు. నలుగురిని పిలిస్తే తేదీ కుదిరేసరికి ఏడాది తిరిగొస్తుంది.

ఇక నిజంగా ఇటలీ వెళ్ళే రోజు వస్తుంది. బిడ్డ అక్కడ చదువుతుంటే కాన్వొకేషన్‌కైనా వెళ్తావు. అప్పుడు కూడా ఇదే లెక్క పెట్టుకో: రోజుకో ఊరు కాకుండా రోజుకు మూడు వస్తువులు. మిలాన్‌లో డావిన్చీ గోడ మీద వేసిన ‘చివరి విందు’ చూడ్డానికి చాలా ముందే టికెట్ కొనుక్కోవాలి, లోపల పావుగంటే ఉండనిస్తారు. తడి గోడ మీద వెయ్యకుండా పొడి గోడ మీద వేశాడు, ఆయన బతికుండగానే రంగు రాలడం మొదలైంది. అందుకే అంత జాగ్రత్త. వాటికన్‌లో భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి, మన చున్నీ అక్కడ పనికొస్తుంది. డేవిడ్ టికెట్ దొరక్కపోతే ఏడుపు ముఖం పెట్టకు, ఆ విగ్రహం మొదట నిలబడిన చౌకులోనే 1910 నుంచి దాని నకలు ఉంది, చూడ్డానికి పైసా అక్కర్లేదు. కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో రేటు. మన ఇరానీ హోటల్లో కూర్చున్నట్టు గంటలు కూర్చుని బిల్లు చూసి అదిరిపడకు. పర్సు మాత్రం ముందువైపు పెట్టుకో.

ఇంతకీ ఏ రోజు బయల్దేరుతున్నావు? ఫ్లోరెన్స్‌లో డేవిడ్‌కి సోమవారం సెలవు, మన రెబెకాకి శుక్రవారం. శుక్రవారం తప్ప ఏ రోజైనా సరే, ఇప్పుడే క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టెయ్యి. ఇంట్లో అందరికీ కనపడేలా, ఎర్ర పెన్నుతో.